డాలస్‌లో బండి కొనాలి: అమెరికన్ పికప్పా, జపాన్ కారా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్ శివారు ఫ్రిస్కోలో ఉంటున్నారు, ఇద్దరు చిన్నపిల్లలు, వేసవిలో అమ్మానాన్న వస్తున్నారు. చేతిలో 28 వేల డాలర్లు. ఆఫీసులో అమెరికన్లు ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొనమంటున్నారు, మనవాళ్ళేమో టయోటా, హోండా తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటున్నారు. మీ మనసు పికప్ మీద ఉంది, మీ ఆవిడ టయోటా క్యామ్రీ చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

మీ ఆవిడ మాట వినండి. నా జవాబు అదే.

కొంచెం విడమరిచి చెప్పాలంటే: సెడాన్ కొంటే జపాన్ కంపెనీది కొనండి. నిజంగా బరువు మోయడానికి, ట్రైలర్ లాగడానికి ఫుల్‌సైజు పికప్ కావాలంటే అమెరికన్ కంపెనీది కొనండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీకు పికప్‌తో పనే లేదు. ఎందుకంటున్నానో చెప్తాను. నా మాట నచ్చకపోయినా పికప్ ఎలా చూసి కొనాలో కింద రాశాను, అది చదవండి.

నా సంగతి ఒక్క ముక్క. విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్య షెడ్డులో స్పానర్లు అందిస్తూ పని నేర్చుకున్నాను. తర్వాత చదువు పేరుతో ఇక్కడికి వచ్చి, తిరిగి తిరిగి మళ్ళీ గ్రీజులోనే పడ్డాను. పదహారేళ్ళుగా డాలస్ చుట్టుపక్కలే వర్క్‌షాప్ పని. కొనేముందు బండి చూసిపెట్టమని వారానికి నలుగురైదుగురు వస్తారు, వాళ్ళలో సగం మంది మనవాళ్ళే.

"జపాన్ బండి" అనే మాట దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే ఉంది. హోండా 1982 నుంచే ఒహాయోలో అకార్డ్ తయారుచేస్తోంది. క్యామ్రీ 1988 నుంచి కెంటకీలోని జార్జ్‌టౌన్‌లో తయారవుతోంది. టయోటా పెద్ద పికప్ టండ్రా మన టెక్సస్‌దే, శాన్ ఆంటోనియో. మరి చిన్న పికప్ టకోమా? ఇప్పుడు అది మెక్సికోలో చేస్తున్నారు. ఫోర్డ్ మావెరిక్ కూడా మెక్సికోలోనే. బండి ఎక్కడ తయారైందో చూడాలంటే విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబర్) మొదటి అక్షరం చూడండి: 1, 4, 5 అయితే అమెరికా, 2 కెనడా, 3 మెక్సికో, జె అయితే నిజంగా జపాన్. మొన్న ఒకాయన "అమెరికాలో తయారైన బండే కొంటాను" అని పట్టుబట్టి వచ్చాడు. ఆయన చూపించిన అమెరికన్ పికప్ నంబర్ 3తో మొదలైంది, వద్దన్న క్యామ్రీ నంబర్ 4తో. కాసేపు నవ్వుకున్నాం.

కాబట్టి తేడా దేశంలో లేదు. ఏ కంపెనీ ఏ రకం బండి మీద డబ్బు, బుర్ర పెట్టిందన్నదాంట్లో ఉంది. ఆ కథ వెనక కోళ్ళు ఉన్నాయి. నిజంగానే కోళ్ళు.

1960ల మొదట్లో అమెరికా కోడిమాంసం చవకగా వచ్చి పడుతోందని పశ్చిమ యూరప్ దేశాలు దాని మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో ప్రెసిడెంట్ జాన్సన్ బంగాళాదుంప పిండి, బ్రాందీ లాంటి కొన్ని సరుకుల మీద, వాటితోపాటు తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. మిగతా సరుకుల మీద సుంకం పోయింది, ట్రక్కుల మీద మాత్రం ఉండిపోయింది. దాన్ని ఇప్పటికీ "చికెన్ ట్యాక్స్" అనే పిలుస్తారు. కార్ల మీద సుంకం మాత్రం దానికన్నా చాలా తక్కువ ఉండేది. దాంతో ఏమైంది? 1973లో పెట్రోలు సంక్షోభం రాగానే జపాన్ కంపెనీలు చిన్న కార్లతో లోపలికి వచ్చి స్థిరపడ్డాయి. పికప్ మార్కెట్‌కి మాత్రం ఆ సుంకం గోడలా నిలబడింది. ఆ గోడ లోపల ఫోర్డ్, జీఎం (జనరల్ మోటార్స్), క్రైస్లర్ హాయిగా డబ్బు చేసుకున్నాయి. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ 1977 నుంచి ఇక్కడ అత్యధికంగా అమ్ముడయ్యే పికప్. లాభమంతా అక్కడి నుంచే వస్తుంటే శ్రద్ధ కూడా అక్కడే పెడతారు కదా. 2018లో ఫోర్డ్ ఏకంగా ఇక ఉత్తర అమెరికాలో సెడాన్లు చేయమని ప్రకటించి, కార్లలో మస్టాంగ్‌ని మాత్రం ఉంచుకుంది. జీఎం కూడా 2024 చివర్లో షెవర్లె మాలిబు ఆపేసింది.

ఈ సుంకాన్ని తప్పించుకోవడానికి పడ్డ పాట్లు ఇంకా తమాషాగా ఉంటాయి. సుబారు బ్రాట్ అనే బుల్లి పికప్ వెనక తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల బండి అని దించారు. ఇలాంటి తెలివి జపాన్‌వాళ్ళకే ఉందనుకునేరు. ఫోర్డే టర్కీలో చేసిన తన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యాన్లని వెనక సీట్లతో తెప్పించి, రేవు దాటాక ఆ సీట్లు పీకేసి సరుకుల వ్యాన్లుగా అమ్మింది. ఆ వ్యవహారం చివరికి 2024లో ప్రభుత్వానికి 365 మిలియన్ డాలర్లు కట్టి తేల్చుకునేదాకా వచ్చింది. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్, ఇండియాలో చూసే టయోటా హైలక్స్ లాంటివి ఇక్కడ షోరూముల్లో కనపడకపోవడానికి ఈ సుంకం ఒక పెద్ద కారణం.

సరే, ఇక మీ బండి సంగతి.

పికప్‌లలో జపాన్‌వాళ్ళు బలంగా ఉన్నది మధ్య సైజులో: టకోమా, నిస్సాన్ ఫ్రంటియర్, కారులాంటి హోండా రిడ్జ్‌లైన్. ఫుల్‌సైజులో నిస్సాన్ టైటన్ 2024 మోడల్‌తో ఆగిపోయింది, మిగిలింది టండ్రా ఒక్కటే. ఇంకా పైన ఎఫ్-250, రామ్ 2500 తరగతిలో అసలు జపాన్ కంపెనీ బండే లేదు. అంటే బరువు పెరిగేకొద్దీ వాళ్ళు తప్పుకుంటూ వచ్చారు.

ఇప్పుడు మనవాళ్ళు చేసే తప్పు. "టయోటా అంటే టయోటానే" అని వాడిన టకోమాకి ఎంత చెప్తే అంత పెట్టేస్తారు. టకోమా మంచి బండి, కాదనను. దాని ధర పడిపోదన్నదీ నిజమే. ధర పడిపోదంటే అమ్మేవాడికి లాభం, కొనేవాడికి కాదు. అయిదారేళ్ళు వాడిన టకోమా అడిగే డబ్బుకి చాలాసార్లు అంతే వయసున్న, అంతకన్నా పెద్ద ఎఫ్-150 వస్తుంది, కొంత డబ్బు చేతిలో కూడా మిగులుతుంది. ఆ మిగిలింది రిపేరు ఖాతాలో పక్కన పెట్టుకుంటే సరి. పేరుకి కట్టే డబ్బుతో రిపేర్లు చేయించుకోవచ్చు.

పేరుకి ఎంత కడతామో నాకు తెలిసొచ్చింది ఇక్కడ కొన్న నా మొదటి బండితో. పాంటియాక్ వైబ్. జీఎం, టయోటా కలిసి 1984 నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో నడిపిన ఫ్యాక్టరీలో అది తయారైంది. ఇప్పుడు అక్కడ టెస్లా ఉంది. లోపల ఉన్నది టయోటా 1.8 లీటర్ ఇంజిన్, కరోలాలో ఉండేదే. దాని కవల టయోటా మ్యాట్రిక్స్. ముందు బొమ్మ తప్ప దాదాపు అంతా ఒకటే, కానీ వైబ్ తక్కువకి వచ్చేది. మా రూమ్మేట్లు "పాంటియాక్ ఏంట్రా" అని నవ్వారు. నేను బానెట్ ఎత్తి ఇంజిన్ మీద టయోటా అన్న అక్షరాలు చూపిస్తే నోరు మూశారు. ఆ బండిని లక్షా డెబ్బై వేల మైళ్ళు నడిపాను, ఆయిల్, బ్రేకులు, ఒక ఆల్టర్నేటర్ తప్ప ఏమీ అడగలేదు.

జపాన్ అన్నదల్లా బంగారం కాదు. నిస్సాన్ సీవీటీ గేర్‌బాక్సుల (విడి గేర్లు లేకుండా బెల్టు జారుతూ వేగం మార్చేవి) మీద ఎన్ని దావాలు నడిచాయో, కొన్ని మోడళ్ళకి వారంటీ ఎలా పొడిగించాల్సి వచ్చిందో వెతికితే మీకే దొరుకుతుంది. టకోమాకే చాసిస్ తుప్పు గొడవ వచ్చింది. తుప్పు బాగా తినేసిన 1995–2000 మోడళ్ళని 2008లో టయోటా మార్కెట్ విలువకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొనేసుకుంది. కొత్త టండ్రాలో వీ8 తీసేసి ట్విన్ టర్బో వీ6 పెట్టారు. ఇంజిన్ తయారీలో మిగిలిపోయిన లోహపు రజను వల్ల 2024లో సుమారు లక్ష బండ్లని రీకాల్ చేయాల్సి, అంటే బాగుచేయడానికి వెనక్కి పిలవాల్సి వచ్చింది. మరి అమెరికన్లు తక్కువ తిన్నారా? ఫోర్డ్ ఫోకస్, ఫియెస్టా డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సులు ఎంత అప్రతిష్ట తెచ్చాయో తెలిసిందే. జీఎం 6.2 లీటర్ వీ8లని 2025 ఏప్రిల్‌లో దాదాపు ఆరు లక్షల దాకా రీకాల్ చేశారు, క్రాంక్ షాఫ్ట్, బేరింగుల వల్ల. అందుకే నేను కంపెనీ పేరు అడగను, ఏ సంవత్సరం, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్ అని అడుగుతాను.

ఒక చిన్న అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. "హైబ్రిడ్‌లో కూడా సీవీటీ అంట కదా, పోతుందేమో" అని క్యామ్రీ హైబ్రిడ్ వదిలేసుకున్నవాళ్ళని చూశాను. పేరు ఒకటే గానీ వస్తువు వేరు. టయోటా హైబ్రిడ్‌లో జారే బెల్టు ఉండదు, ఒక ప్లానెటరీ గేర్ సెట్, రెండు మోటార్లు ఉంటాయి. అరిగే భాగాలు తక్కువ. ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్‌లోదీ దాదాపు ఇదే పద్ధతి. పికప్ మోజు తీరాలి, మైలేజీ కూడా కావాలి అంటే మధ్యేమార్గంగా అది చూడొచ్చు. మీ అయిదారుగురికి మాత్రం ఇరుకు.

పికప్‌తో మీకు పని లేదని ఎందుకన్నానంటే, మూడు కారణాలు.

మొదటిది గ్యారేజీ. ఎఫ్-150 నాలుగు తలుపుల బండి, చిన్న తొట్టిది కూడా 19 అడుగులు దాటుతుంది. మన సబర్బుల్లో చాలా ఇళ్ళ గ్యారేజీ లోతు 20 అడుగులు ఉంటే గొప్ప. ఫ్రిస్కోలోనే ఒకాయన నేను చెప్పినా వినకుండా కొని, ఇంటికి తీసుకెళ్ళి, తలుపు వేయబోతే బంపర్‌కి తగిలింది. ముందు గోడకి ఫ్రీజర్ ఉంది, అందులో వాళ్ళమ్మగారు పెట్టి వెళ్ళిన గోంగూర, చింతకాయ తొక్కు. ఫ్రీజర్ కదపడానికి వాళ్ళావిడ ఒప్పుకోలేదు. ఆ ట్రక్ ఇప్పటికీ డ్రైవ్‌వేలోనే వడగళ్ళకి ఎదురుచూస్తోంది. కొలటేపు తీసుకుని ఇవాళే కొలవండి.

రెండోది మీ అమ్మానాన్న. పికప్‌లోకి ఎక్కడమంటే అరుగు ఎక్కినట్టు. చీర కట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో, రోజూ ఎక్కి దిగాలి. పక్కన మెట్టు బిగించుకోవచ్చు, అయినా క్యామ్రీలోనో, టయోటా ఎస్‌యూవీ ఆర్ఏవీ4లోనో కూర్చున్నంత సుఖం రాదు. మీరు ఆరుగురు ఒకేసారి గుడికి వెళ్ళాలంటే అసలు మినీవ్యాన్ చూడాలి. ఆ మాట చెప్తే మగవాళ్ళందరికీ మొహం మాడిపోతుంది, తెలుసు. కానీ వాడిన టయోటా సియెనా, హోండా ఒడిస్సీ మినీవ్యాన్లు కొన్నవాళ్ళెవరూ నా దగ్గరికి వచ్చి పొరపాటు చేశామని చెప్పలేదు.

మూడోది పెట్రోలు. ఏడాదికి 12 వేల మైళ్ళు అనుకోండి. గ్యాలన్‌కి 20 మైళ్ళు ఇచ్చే పికప్ 600 గ్యాలన్లు తాగుతుంది. 46 ఇచ్చే క్యామ్రీ హైబ్రిడ్‌కి 260 చాలు. గ్యాలన్ మూడు డాలర్ల లెక్కన ఏడాదికి వెయ్యి డాలర్ల తేడా. పికప్ టైర్లు కూడా ఖరీదెక్కువ.

ఏడాదికి రెండుసార్లు సోఫా తేవడానికి, పెరట్లో మట్టి పోయించడానికి ట్రక్ కావాలంటే హోం డిపోలో గంటల లెక్కన అద్దెకి ఇస్తారు.

మరి పికప్ ఎవరికి? ఇర్వింగ్‌లో కేటరింగ్ చేసే మనాయన ఒకరున్నారు. వాడిన ఎఫ్-150, 5.0 లీటర్ వీ8 కొన్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో గుండిగలు, గ్యాస్ పొయ్యిలు, వెనక ట్రైలర్. రెండు లక్షల మైళ్ళు దాటింది. అయిదు వేల మైళ్ళకోసారి ఆయిల్, టైముకి గేర్‌బాక్స్ ఆయిల్ మారుస్తాడు, అంతకన్నా రహస్యమేం లేదు. ఆయన పనికి టకోమా సరిపోదు.

అన్నీ విన్నాక కూడా ట్రక్కే అంటే, ఇలా చూడండి.

చల్లటి ఇంజిన్ మీద వినండి. నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి ముందే చెప్పండి. వెళ్ళగానే మాటలు పెట్టుకోకుండా బానెట్ మీద అరచెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నాడు, మర్నాడు వస్తానని చెప్పండి. చల్లగా ఉంటే ఇంకొకర్ని స్టార్ట్ చేయమని మీరు ముందు నిలబడండి. మొదటి రెండు మూడు సెకన్లే ముఖ్యం. డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు గరగరమని ఆగిపోతే క్యామ్ ఫేజర్లో (ఇంజిన్ వాల్వుల టైమింగ్ మార్చే భాగాలు), టైమింగ్ చైనో అనుమానించాలి. 2017–2020 ఎఫ్-150లలో 3.5 లీటర్ ఎకోబూస్ట్ టర్బో ఇంజిన్‌కి ఈ శబ్దం గురించి ఫోర్డే ప్రత్యేక ప్రోగ్రామ్ పెట్టింది, ఆ పని అయిందో లేదో రసీదు అడగండి. ఇంజిన్ వేడెక్కాక ఈ శబ్దం వినపడదు. ముందే వేడిచేసి ఉంచేది అందుకే.

కింద పడుకుని చూడండి. ఫోన్ లైట్, ఒక పాత స్క్రూడ్రైవర్ చాలు. వెనక టైర్ల పైన చాసిస్ వంపు తిరిగే చోట గుచ్చి చూడండి. టంగుమంటే మంచిది. నేను కొత్తల్లో ఒహాయో నుంచి చవగ్గా వచ్చిన ఒక పికప్‌ని పైపైన చూసి కొన్నాను. కంపెనీ పేరెందుకు, దాని తప్పు కాదు, అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఇంటికొచ్చి లిఫ్ట్ మీద ఎక్కించి స్క్రూడ్రైవర్ పెడితే అప్పడంలో దిగినట్టు దిగింది. నేను మెకానిక్‌ని. తర్వాత నెలంతా మావయ్యకి ఫోన్ చేయాలంటేనే సిగ్గేసింది. టెక్సస్‌లోనే తిరిగిన బండైతే ఈ టెన్షన్ తక్కువ, బండి చరిత్ర చూపించే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులో ఏయే రాష్ట్రాల్లో రిజిస్టర్ అయిందో చూడండి.

డ్రైవర్ తలుపు దగ్గర పసుపు గీత ఉన్న స్టిక్కర్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మోయొచ్చో దాని మీద ఉంటుంది. టీవీ ప్రకటనలో చెప్పే అంకె వేరు, ఆ బండిది వేరు. హంగులు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. అయిదుగురు పెద్దవాళ్ళు కూర్చుంటేనే 800 పౌండ్ల దాకా పోతుంది. ట్రైలర్ బరువులో పది, పదిహేను శాతం బండి మీద పడుతుంది, అదీ ఇందులోంచే తీసేయాలి. చివరికి మిగిలేది చూస్తే చాలామందికి ఆశ్చర్యం.

నడిపేటప్పుడు 40, 45 మైళ్ళ వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచండి. బండి వరసగా చిన్న గతుకులున్న రోడ్డు మీద వెళ్తున్నట్టు వణికితే గేర్‌బాక్స్ ఖర్చు ఉంది. వెనక ట్రైలర్ తగిలించే హిచ్ బాగా అరిగి, గీరుకుపోయి ఉంటే "ఎప్పుడూ ఏమీ లాగలేదు" అన్న మాట నమ్మకండి. విన్ నంబర్ కొట్టి అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో రీకాల్స్ ఉచితంగా చూసుకోవచ్చు.

క్యామ్రీకీ ఇవే వర్తిస్తాయి, టయోటా కదా అని వదిలేయకండి. పోయినేడు ఒక కుర్రాడు 78 వేల మైళ్ళ జపాన్ సెడాన్ తెచ్చాడు, కొని మూడు వారాలు. డిప్‌స్టిక్ తీస్తే కొసన ఒక్క చుక్క, తారులా. ముందు ఓనరు ఆయిల్ మార్చిన ఆఖరి రికార్డు 22 వేల మైళ్ళ కిందటిది. ఇంజిన్ పోయింది. ఆ రికార్డు కొనేముందు కూడా కార్‌ఫ్యాక్స్‌లో ఉంది, అతను చూసింది ముందున్న బొమ్మనే.

కాబట్టి మీ 28 వేలలో 2019 తర్వాతి క్యామ్రీ హైబ్రిడ్, 60 వేల మైళ్ళలోపుది, ఒకరిద్దరు ఓనర్లు, ఆయిల్ రసీదులు ఉన్నది వెతకండి. మొత్తం డబ్బు బండికే పెట్టకండి, రెండు వేలు టైర్లకి, బ్రేకులకి ఉంచుకోండి. రెండు మూడు బండ్లు నచ్చాక వాటి విన్ నంబర్లో చివరి ఆరు అంకెలు కప్పేసి, సర్వీసు రికార్డు ఫోటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. ట్రక్కే కొనేట్టయితే గ్యారేజీ కొలత కూడా రాయండి, ఫ్రీజర్ ఎక్కడుందో చెప్పడం మర్చిపోకండి.